మీతో ఎవరొస్తారు?

ఉద్యోగం ఇస్తామని ఒక మనిషిని దూరం నుంచి రమ్మన్నప్పుడు, రమ్మన్నవాళ్ళకి ఆ మనిషి పట్ల ఏమైనా బాధ్యత ఉంటుందా? అదేం ప్రశ్న, ఇష్టమైతే వెళ్ళాలి, లేకపోతే మానెయ్యాలి, బలవంతమేముంది అంటారు చాలామంది. పెళ్ళిచూపుల్లోనూ బలవంతమేమీ ఉండదు. చూసినంత మాత్రాన చేసుకోవాలని లేదని ఇరుపక్షాలూ అంటూనే ఉంటాయి. కాకపోతే పెళ్ళిచూపులకి వాళ్ళు మనింటికొచ్చి, మన స్వీటూ హాటూ తిని, ఇంటికెళ్ళి కబురు చేస్తామంటారు. ఇంటర్వ్యూకి మనమే టికెట్టు కొనుక్కుని వాళ్ళ దగ్గరికి వెళ్తాం. కబురు చేస్తామనే మాట మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇంగ్లీషు సాహిత్యం చదివిన తెలుగువాళ్ళు పరదేశాలకు పోయి ఇంగ్లీషు పాఠాలు చెప్పడం కొత్తేమీ కాదు. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచీ భారతీయ టీచర్లున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఎరిత్రియా, లిబియా, యెమెన్, సౌదీ విశ్వవిద్యాలయాలకు మన కాలేజీల నుంచి లెక్చరర్లు వెళ్ళారు. మేం ఎమ్మే చదివేనాటికి స్టాఫ్‌రూముల్లో ఈ కబుర్లు బాగా నడిచేవి. ఫలానా సారు జిమ్మాలో ఉన్నాడట, ఫలానా సారు బెంఘాజీ నుంచి వచ్చి హన్మకొండలో రెండంతస్తులు వేశాడట. 2015 జూలైలో లిబియాలో, సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయుల్ని సాయుధులు పట్టుకుపోయారు. వాళ్ళలో ఇద్దరు తెలుగువాళ్ళు 2016 సెప్టెంబరు దాకా బందీలుగా ఉండిపోయారు. అప్పుడు మాత్రం మన పత్రికలు ఈ వలస గురించి కాస్త రాశాయి. ఆ వార్తల్లో ఆడవాళ్ళు ఇక్కడ ఎదురుచూసే భార్యలుగా కనిపించారు. స్టాఫ్‌రూం కబుర్లలోనేమో వెంట వెళ్ళిన భార్యలుగా వినిపించారు. వెళ్ళే టీచరే ఆడమనిషైతే ఆమె కథ ఎట్లా ఉంటుందో నాకెవరూ చెప్పలేదు.

2019 జనవరిలో నాకొక మెయిల్ వచ్చింది. సౌదీలోని ఒక విశ్వవిద్యాలయం, మహిళల ప్రాంగణంలో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం, ఢిల్లీలో ఇంటర్వ్యూ. అప్పటికి పిహెచ్‌డీ చేతికొచ్చి రెండేళ్ళు. వరంగల్‌లో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. సెలవులొస్తే జీతం లేదు, పరీక్షలొస్తే జీతం లేదు, విద్యార్థులు ధర్నా చేస్తే వాళ్ళ డిమాండు ఎంత న్యాయమైనదైనా ఆ రోజుకీ జీతం లేదు. పాపకి మూడున్నరేళ్ళు. కాజీపేట నుంచి ఢిల్లీ 1500 కిలోమీటర్ల పైమాటే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ ఒక రాత్రీ. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తేవాలని, రాకపోకలూ బసా అభ్యర్థి సొంత ఖర్చని మెయిల్ చివర రెండు వాక్యాలున్నాయి.

ఆ సొంత ఖర్చు అన్నది కాస్త విప్పి చూడాలి. నేను ఇల్లు కదలడానికి మంచిర్యాల నుంచి మా అమ్మ వచ్చింది. అమ్మ బ్లౌజులు కుడుతుంది. మాఘమాసం పెళ్ళిళ్ళకు ఇవ్వాల్సిన బట్టలు మిషను పక్కన కుప్పగా వదిలేసి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఉన్న నాన్నకి రెండు పూటలా అన్నం పెట్టమని పక్కింటి అత్తమ్మకి చెప్పి వచ్చింది. ఆ అత్తమ్మ తన కోడలికి ఏం చెప్పిందో నాకు తెలియదు. కాలేజీలో నా ఏడు క్లాసులు ఇంకో గెస్ట్ లెక్చరర్ తీసుకుంది. ఆమెకీ గంటల లెక్కే. కానీ ఆ ఏడు గంటలు ఆమె లెక్కలోకీ నా లెక్కలోకీ రాలేదు, ఎందుకంటే ఒకరి పీరియడ్ ఇంకొకరు చెబితే రిజిస్టర్లో ఎట్లా రాయాలో ఆఫీసువాళ్ళకి అర్థం కాదు. ఉదయంపూట అంట్లు తోమడానికొచ్చే ఆమె ఆ మూడు రోజులూ సాయంత్రం కూడా వచ్చింది. ఆమె బిడ్డ ఆ సాయంత్రాలు ఎవరి దగ్గర ఉందో అడగాలని నాకు తిరిగొచ్చాక తోచింది. నా సహచరుడు సహకార బ్యాంకులో పనిచేస్తాడు. ఆయన నన్ను స్టేషన్లో దించి, పాపను బడిలో దించి, ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నేనిది దెప్పుతూ రాయడం లేదు, ఆయన చేయగలిగింది చేశాడు. ఆయన చేసింది మాత్రం మా చుట్టాలందరికీ తెలిసింది, మెచ్చుకున్నారు కూడా.

ఒక ఆడమనిషి 1500 కిలోమీటర్లు వెళ్ళాలంటే నలుగురు ఆడవాళ్ళు తలా కొంత జరగాలి. మంచిర్యాల నుంచి వరంగల్‌కి ఒకరు, పక్కింటి వంటింట్లోంచి ఈ ఇంటి వంటింట్లోకి ఇంకొకరు. మగవాడు ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఇది జరగదు. ఎందుకంటే ఆయన ప్రయాణానికి కావలసిన ఆడమనిషి అప్పటికే ఆ ఇంట్లో ఉంటుంది, కొత్తగా ఎవరూ జరగనక్కర్లేదు. అందుకే ఆయన ఖర్చు టికెట్టు వరకే. శ్రమకి విలువ కట్టాలని మనం చాలా ఏళ్ళుగా రాస్తున్నాం, నేనూ రాశాను. కానీ మా అమ్మ ఆ మూడు రోజుల బ్లౌజుల లెక్క ఎంతని అడిగితే నవ్వింది. "నువ్వు కొలువుకు పోతున్నవా, నన్ను కూలికి పెట్టుకుంటున్నవా?" అంది. ఆ ప్రశ్నకి నా థీసిస్‌లో సమాధానం లేదు.

రైల్లో బల్లార్షా దాటేవరకు ముగ్గురు అడిగారు, మీతో ఎవరూ లేరా అని. అడిగినవాళ్ళలో ఒకావిడ సిర్పూర్ కాగజ్‌నగర్‌లో ఎక్కింది. నాగ్‌పూర్‌లో దిగేలోపు నా బ్యాగు ఒకసారి కాపలా కాసింది, సగం చపాతీలు నాకు పెట్టింది, రాత్రి పైబెర్తులో పడుకోమని సలహా ఇచ్చింది. ఆ ప్రశ్నకి నాకు కోపం రాలేదు. ఎవరూ లేకపోతే ఆ కాసేపు తానుంటానని ఆమె అడగడంలోనే ఉంది.

ఇంటర్వ్యూ ఒక హోటల్ హాల్లో. పొగమంచుకి రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. స్టేషన్ వెయిటింగ్ రూములోనే చీర మార్చుకుని వెళ్ళాను. అలీగఢ్ నుంచి, లక్నో నుంచి, కోళికోడ్ నుంచి, హైదరాబాద్ నుంచి, ముప్పై నలభైమంది ఆడవాళ్ళం కుర్చీల్లో వరసగా ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. నన్ను లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం మూడు. పన్నెండు నిమిషాలు. థీసిస్ దేని మీద అని అడిగి, జవాబు సగంలో ఉండగా ఒక పేరా ఇచ్చి చదవమన్నారు. తర్వాత కొన్ని మాటలు విడివిడిగా పలకమన్నారు. 'జూ' అన్న మాట రెండుసార్లు పలికించారు. తెలుగువాళ్ళ నోట్లో ఆ మొదటి అక్షరం ఎక్కడ జారుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

దీని చరిత్ర చిన్నది కాదు. పరాయి భాష నేర్పడానికి ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళే తగినవాళ్ళన్న నమ్మకాన్ని ఉగాండాలోని మకెరేరేలో 1961లో జరిగిన కామన్వెల్త్ సదస్సు నుంచి పట్టుకొచ్చి, అది అపోహ అని 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ పుస్తకమే రాశాడు. ఇంగ్లీషు సాహిత్యం ఒక పాఠ్యాంశంగా ఇంగ్లండు కన్నా ముందు ఇండియాలో కుదురుకుందని గౌరి విశ్వనాథన్ 1989లోనే చూపించింది. నేను వీళ్ళిద్దరినీ క్లాసులో చెప్పాను. ఆ హాల్లో ఇవేవీ నాకు అక్కరకు రాలేదు, 'జూ' మూడోసారి అడక్కపోతే బాగుండుననుకున్నాను. అంతకన్నా ఈ ఉచ్చారణ సంగతి మీద ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే అసలు ప్రశ్న దాని తర్వాత వచ్చింది.

"మీ మహ్రమ్ ఎవరు?"

మహ్రమ్ అంటే ఇస్లామిక్ న్యాయ సంప్రదాయంలో ఒక స్త్రీ పెళ్ళాడకూడని దగ్గరి బంధువు. తండ్రి, అన్నదమ్ముడు, కొడుకు. ప్రయాణాల్లో తోడు అన్నప్పుడు భర్తనీ కలిపి చెబుతారు. నేను చూసిన సౌదీ ఉద్యోగ ప్రకటనల్లో చాలావాటిలో మహిళా అభ్యర్థుల వెంట మహ్రమ్ రావాలనే షరతు ఉండేది. మగ అభ్యర్థులు కావాలంటే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. మొదటిది షరతు, రెండోది సౌకర్యం. ముందురోజు పొద్దున కాజీపేటలో ఒంటరిగా రైలెక్కి, తెలియని నగరంలో అడ్రసు వెతుక్కుని, సమయానికి కుర్చీలో కూర్చున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని, మీతో ఎవరొస్తారని అడుగుతున్నారు! నేను ఒంటరిగా రాగలనన్నది వాళ్ళ పిలుపులోనే ఉంది కదా. రాగలననే నమ్మకంతోనే కదా పిలిచారు.

ఇది వాళ్ళ మతం గోల అని పక్కకి నెట్టేస్తే మనకి సుఖంగా ఉంటుంది. నాకు ఆ సుఖం వద్దు. ఆడది ఏ వయసులో ఎవరి అదుపులో ఉండాలో మనువు రాసిపెట్టిన దేశం మనది. మా వాడలో ఇప్పటికీ ఆడపిల్ల హైదరాబాద్‌లో పరీక్ష రాయాలంటే తమ్ముడు బస్సెక్కుతాడు. ఆ హాల్లో నా పక్కన కూర్చున్న అలీగఢ్ అమ్మాయి, నాకన్నా రెండు డిగ్రీలు ఎక్కువే చదివింది. తన మహ్రమ్ పద్దెనిమిదేళ్ళ తమ్ముడని చెప్పి, "వాడికి ఇప్పటికీ మంచినీళ్ళు నేనే అందివ్వాలి, వాడు నాకు రక్షణ" అని పొట్ట పట్టుకుని నవ్వింది. అంతకు ముందటేడు, 2018లో, భారతదేశం నుంచి 45 ఏళ్ళు దాటిన ముస్లిం స్త్రీలు మహ్రమ్ లేకుండా జట్లుగా హజ్ యాత్రకి వెళ్ళారు. అదే 2018లో సౌదీలో స్త్రీలు కారు నడపడానికి అనుమతి వచ్చింది. ఆ హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హథ్లూల్‌ని మాత్రం అనుమతి రావడానికి నెల ముందు, మే నెలలో అరెస్టు చేశారు. నేను ఢిల్లీ హోటల్లో కూర్చున్న రోజున ఆమె జైల్లో ఉంది, 2021 ఫిబ్రవరిలో గానీ బయటికి రాలేదు. 21 ఏళ్ళు దాటిన సౌదీ స్త్రీలు సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకుని ప్రయాణం చేయవచ్చన్న మార్పు ఆ 2019 ఆగస్టులో వచ్చింది. కాబట్టి ఆ నియమాన్ని 'వాళ్ళ' సంస్కృతి అనడం, దాన్ని మార్చడానికి జైలుకెళ్ళిన 'వాళ్ళ'ని లేనట్టు చేయడమే.

నన్ను నిజంగా కలవరపెట్టింది వేరే సంగతి. కడప, రాయచోటి వైపు నుంచి, కోనసీమ ఊళ్ళ నుంచి ఎన్నో ఏళ్ళుగా మన ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. ఒంటరిగానే వెళ్తున్నారు. భర్తని తోడు తెచ్చుకోమని వాళ్ళని ఏ ఇంటి యజమానీ అడగడు, తెచ్చుకుంటామన్నా ఒప్పుకోడు. కేరళ నర్సులు సౌదీ ఆసుపత్రుల్లో హాస్టళ్ళలో ఉండి దశాబ్దాలుగా పనిచేశారు, వాళ్ళకీ మహ్రమ్ అడ్డు రాలేదు. గిన్నెలు తోమడానికి, ముసలివాళ్ళని కడగడానికి, రోగి పక్కన రాత్రంతా మేలుకోవడానికి వెళ్ళే ఆడదానికి మగతోడు అక్కర్లేదు. క్లాసులో నిలబడి ఆడపిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్ళేదానికి కావాలి. ప్రమాదం ఎవరికి ఎక్కువ? రాత్రీపగలూ ఒకరి ఇంట్లో, పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి బతికే మనిషికా, ప్రాంగణం గోడల మధ్య ఆరుగంటలు పాఠం చెప్పుకునే మనిషికా? తోడు అవసరమన్న నియమానికి కారణం ప్రమాదమైతే, లెక్క తిరగబడాలి.

నాకు తోచిన జవాబు ఇది. ఇంటిపనికి వెళ్ళిన మనిషి ఎలాగూ ఒక మగవాడి కప్పు కిందికే వెళ్తుంది, ఆమె కఫీల్ ఆ ఇంటాయనే. ఆ కప్పు ఆమెను కాపాడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి, కప్పంటూ ఉంది. నర్సుకి హాస్టల్ గేటు ఉంది. టీచరు సొంతంగా ఇల్లు అద్దెకి తీసుకుని, తన పేరుమీద తాళంచెవి పెట్టుకునే మనిషి. అందుకని ఆమె తన కప్పుని వెంట మోసుకురావాలి. మన దేశం లెక్క కూడా గమ్మత్తుగా ఉంటుంది. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదు. పాస్ కాని స్త్రీ గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి. చదువే మనకి రక్షణ అని మన ప్రభుత్వం అంటుంది. చదువుకున్నావు గనక తోడు తెచ్చుకో అని అక్కడివాళ్ళు అన్నారు. 29 ఏళ్ళ రాయచోటి మనిషి ఒక తలుపు దగ్గర ఆగిపోతుంది, నేను ఇంకో తలుపు దగ్గర. ఇద్దరికీ చెప్పేమాట మీ మంచికే అని.

పండిత రమాబాయి 1883లో ఇంగ్లండుకి వెళ్ళింది, రెండేళ్ళ కూతురు మనోరమను ఎత్తుకుని. భర్త అప్పటికే పోయాడు. చెల్టెన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుకుంటూ సంస్కృతం చెప్పింది. యువకులకి కూడా పాఠం చెప్పే అవకాశం వచ్చేసరికి ఆమెకు ఆశ్రయమిచ్చిన చర్చి పెద్దలు అడ్డుపడ్డారు. మగవాళ్ళకి పాఠం చెబితే రేపు ఇండియాకి తిరిగి వెళ్ళాక ఆమె సాటివాళ్ళలో పరువు పోతుందని వాళ్ళ బాధ. ఆమె ఒప్పుకోలేదు, ఉత్తరాల్లో గట్టిగా వాదించింది. సముద్రం దాటి వచ్చిన మనిషి పరువు గురించి ఆమె తరఫున దిగులుపడడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. రమాబాయికి మాత్రం ఆ దిగులు ఎవరిదో బాగా తెలుసు.

ఆరువారాల తర్వాత మెయిల్ వచ్చింది. ఎంపికయ్యాను, మహ్రమ్ కాగితాలు జతచేసి పంపమన్నారు. నా సహచరుడు ఒప్పుకున్నాడు. రెండేళ్ళు జీతం లేని సెలవు పెడతానన్నాడు. చుట్టాల్లో ఒకాయన, "పెండ్లాం కొంగు పట్టుకొని ఎడారికి పోతవా?" అన్నాడు. దానికీ ఈయన నవ్వేశాడు. ఇక్కడ నా స్నేహితుల మధ్య పెద్ద చర్చే నడిచింది. ఆ కాగితం మీద సంతకం పెడితే, మగతోడు లేకుండా నువ్వు పూర్తి మనిషివి కాదని నువ్వే ఒప్పుకున్నట్టు కదా అంది ఒకామె. ఇంకొకామె నాలుగేళ్ళు అక్కడ పనిచేసి వచ్చింది, భర్తని మహ్రమ్‌గా తీసుకెళ్ళింది. "మా ఆయన వంట నేర్చుకున్నది అక్కడే. ఆయన వీసా మీద ఉద్యోగం చేయకూడదు, నేను క్లాసుకి పోతే ఇంట్లో కూర్చోవాలి. ముప్పై ఏళ్ళ స్త్రీవాదం చేయలేనిది ఒక వీసా ముద్ర చేసింది" అంది. తన విద్యార్థినుల గురించి గంటసేపు చెప్పింది. ఒక అన్యాయమైన గేటు లోపల చదువుకునే ఆడపిల్లలున్నప్పుడు, ఆ గేటు దగ్గర తల వంచడం తప్పా, వంచనని వెనక్కి రావడం తప్పా? మొదటామె మాట నాకు సిద్ధాంతంగా సరిగ్గా అనిపించింది. రెండో ఆమె మాటలో అమ్మాయిలు కనిపించారు. నా ఆత్మగౌరవం కాపాడుకునే హక్కు నాకుంది, కానీ దానికి మూల్యం ఎప్పుడూ నేనే చెల్లిస్తానా, గేటు లోపలివాళ్ళు కూడా చెల్లిస్తారా అన్నది తేల్చుకోకుండా దాన్ని సూత్రం అనలేం.

నేను వెళ్ళలేదు. సూత్రం కోసం మానేశానని చెబితే ఈ వ్యాసానికి బాగుండేది. సహకార బ్యాంకు వాళ్ళు రెండేళ్ళ సెలవు ఇవ్వమన్నారు, వెళ్తే రాజీనామా చేసి వెళ్ళమన్నారు. ఇంటి అప్పు ఉంది. రెండేళ్ళ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించకపోతే ఇద్దరం ఖాళీ. నా రక్షణ కోసం పెట్టిన నియమం చివరికి ఆయన ఉద్యోగం ఖరీదు అయ్యింది, ఆ ఖరీదు మేం పెట్టలేకపోయాం. ఆ వారం మా ఇంట్లో అందరూ కాగితం మీద లెక్కలు వేశారు. ఆయన జీతం, ఇంక్రిమెంట్లు, పెన్షను పోతే ఎంత. నాకు తెలిసిన ఒకామె భర్తతో ఇథియోపియా వెళ్తూ పన్నెండేళ్ళ స్కూలు ఉద్యోగం వదిలేసింది. అప్పుడు ఎవరింట్లోనూ ఎవరూ కాగితం తీయలేదు. వీడ్కోలు సభలో ఆమెకి పట్టుచీర పెట్టారు.

2020 తర్వాత ఇట్లాంటి ఇంటర్వ్యూలు చాలావరకు కంప్యూటర్ తెరమీదికి వచ్చేశాయి. టికెట్టు ఖర్చు తప్పింది, మంచిదే. ఇప్పుడు కావలసింది రెండు గంటలు చప్పుడు లేని గది. ఆ గది ఎవరింట్లో దొరుకుతుంది? కిందటేడు నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. మేడమ్, తూర్పు దేశాల్లో ఏదో భాషా కేంద్రం వాళ్ళు పిలిచారు, మా ఇంట్లో పదిమందిమి, మీ ఇంటికి రావచ్చా అని అడిగింది. ల్యాప్‌టాపూ రెండేళ్ళ కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చింది. నా పుస్తకాల గదిలో ఆమెని కూర్చోబెట్టి తలుపు వేశాను. పాలవాడికి గంట కొట్టొద్దని చెప్పి, పిల్లాణ్ణెత్తుకుని డాబా మీదికి వెళ్ళాను. వాడు కాసేపు పావురాల వెంట పరిగెత్తాడు, కాసేపు అమ్మ కావాలని ఏడ్చాడు. గంటన్నర పట్టింది. ఆమె పైకి వచ్చేసరికి వాడు నా భుజం మీద నిద్రపోయి ఉన్నాడు.

"ఏమడిగారు?" అన్నాను.

"పిల్లలున్నారా అని అడిగారు మేడమ్" అంది.